తమ్ముడు డార్క్‌నెట్‌ల పైసలు పోగొట్టిండు, బాపు అకౌంట్ హోల్డ్‌ల పడ్డది.. జర చెప్పుండ్రి

కాజీపేట_పోరడు
అందరికి నమస్తే. ఇన్నొద్దులు ఇక్కడ చదువుడే గాని రాసుడు లేదు, ఇయాల రాయక తప్పుతలేదు. మా తమ్ముడు హైదరాబాద్‌ల బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్‌ల ఉంటడు. దీపావళికి వచ్చినకాంచి ఫోన్ పట్టుకొని మూలకు కూసునుడే, అన్నం తినురా అంటె కసురుడే. మొన్న బాపు పత్తి అమ్మిన పైసలు తీద్దామని బ్యాంకుకు పోతె కౌంటర్ల మేడం కంప్యూటర్ చూసి నీ అకౌంట్ మీద హోల్డ్ ఉంది పెద్దాయినా, వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు పెట్టించిండ్రు అన్నదంట. బాపుకు సైబర్ అంటెనే తెల్వది, నేనేం దొంగతనం జేసిన బిడ్డా అనుకుంట ఇంటికొచ్చి మంచంల ఒరిగిండు.

రాత్రి తమ్మున్ని గట్టిగ అడిగితె అప్పుడు కక్కిండు. హాస్టల్ ఫీజు పైసలు నలబై వేలు పెట్టి యూఎస్‌డీటీ (డాలర్ రేటు మీద నడిచే క్రిప్టో) కొన్నడంట, అండ్ల సగం టార్ బ్రౌజర్‌ల ఏదో మార్కెట్‌ల వేసిండు, తెల్లారి సూస్తె ఆ సైట్ల వీని అకౌంటే లేదు. భయపడి మిగిలిన సగం టెలిగ్రామ్‌ల ఎవనికో అమ్మిండు, వాడు 18,500 బాపు అకౌంట్‌ల వేసిండు (బాపు సిమ్ము, యూపీఐ అన్ని వీని చేతులనే ఉంటయ్). గా 18,500 దొంగ పైసలని ఇప్పుడు తెల్సింది. ఏం కొనబోయినవ్‌రా అంటె ఓటీటీ అకౌంట్లు అగ్గువకొస్తయని అంటాండు. అసలు ఈ డార్క్‌నెట్ ఏంది, పైసలు వస్తయా, బాపు మీద కేసు అయితదా? తెల్సినోళ్లు జర చెప్పుండ్రి.

మిర్చియార్డు_మల్లన్న
తమ్మీ బాపును ముందు మంచంల నుంచి లేపి చాయ్ తాపియ్యు, ఆయన చేసిన తప్పేం లేదు. నాకు మార్కెట్ అంటె మా ఎనుమాముల యార్డు ఒక్కటే తెల్సు. గా మార్కెట్‌ల కొన్నోడెవడో అమ్మినోడెవడో తెల్వకపోతె నడుమ పైసలు ఎవని దగ్గర ఉంటయ్?

లినక్స్_లక్ష్మి
మల్లన్నా అసలు ప్రశ్న నువ్వే అడిగినవ్. నేను హన్మకొండ పిల్లనే, ఇప్పుడు హైదరాబాద్‌ల సర్వర్లు చూసుకునే కొలువు. డార్క్‌నెట్ అంటె మామూలు బ్రౌజర్‌ల తెరుచుకోని, టార్ అసొంటి పేరు దాచే బ్రౌజర్‌తోనే తెరుచుకునే సైట్లు. నడుమ పైసల సంగతి నీ భాషల్నే చెప్త. దాన్ని ఎస్క్రో అంటరు, అంటె అడ్తి దుకాణం అనుకో. కొనేటోడు పైసలు సైటోని దగ్గర పెడతడు, సరుకు ముట్టినంక సైటోడు కమీషన్ పట్టుకొని అమ్మినోనికి ఇస్తడు. కాకపోతె మీ అడ్తిదారుకు లైసెన్స్ ఉంటది, తక్‌పట్టి రాసిస్తడు, ఎగ్గొడితె నలుగురు రైతులు పోయి దుకాణం ముంగట కూసోవచ్చు. ఇక్కడ అడ్తిదారు మొఖం ఎవ్వడు చూడలె. ఒకనాడు మొత్తం గల్లా ఎత్తుకొని సైట్ బంద్ పెడతడు, దీనికి ఎగ్జిట్ స్కామ్ అని పేరు. 2015 మార్చిల ఎవల్యూషన్ అనే మార్కెట్ ఇట్లనే దాదాపు 1.2 కోట్ల డాలర్ల బిట్‌కాయిన్లతోని మాయమైంది, 2020 ఆగస్టుల ఎంపైర్ మార్కెట్ గదే పని చేసింది.

మిర్చియార్డు_మల్లన్న
అంటె చిట్టీలోడు ఎత్తేసినట్టే గదనే అక్కా. మా గల్లీల ఒకడు ఇరవై నెలలు చిట్టీ మంచిగ నడిపిండు, ఒక్కరోజు ఆలస్యం చేయలె, ఇరవై ఒకటో నెల ఇంటికి పోతె తాళం. మా ఇంటామె బంగారం పైసలు అండ్లనే పాయె. ఆడు ఇరవై నెలలు మంచిగున్నదే మమ్ముల నమ్మించుడుకు.

లినక్స్_లక్ష్మి
అచ్చం గదే. @కాజీపేట_పోరడు మీ తమ్ముడు మాత్రం అసలు మార్కెట్‌కు పోయిండని నాకు నమ్మకం లేదు. టార్‌ల సైట్ అడ్రస్‌కు పేరు ఉండది, 56 అక్షరాలు అంకెలు కలగలిపిన గొలుసు, ఎనక డాట్ ఆనియన్. 56 అక్షరాలు ఎవలు చదువుతరు, అందరు మొదటి ఐదారు చూసి సరే అంటరు. దొంగలు ఆ మొదటి ఐదారు కలిసేటట్టు అడ్రస్ తయారు జేసి, అచ్చం గట్లనే ఉండే పేజీ పెడతరు. పాస్‌వర్డ్ కొట్టినవంటె వానికి పోయినట్టే, పైసలు వేసే అడ్రస్ కూడ వానిదే చూపెడతడు. లింకు ఎక్కడ దొరికిందో అడుగు. టెలిగ్రామ్ గ్రూపుల అయితె ఇగ చూడనే అక్కర్లేదు.

జగిత్యాల_జానీ
దుబాయ్ నుంచి. అక్క భయపెడతాంది గని తమ్మి, తెలివి లేనోళ్లే దొరుకుతరు. వాడు యూఎస్‌డీటీ వాడుడే తప్పు. టార్ పెట్టి, మోనెరో (లెక్కలు బయటికి కనపడని క్రిప్టో) వాడి, మెసేజులు పీజీపీల (మెసేజులకు తాళం వేసే సాఫ్ట్‌వేర్) పెడితె బ్రహ్మదేవునికి కూడ దొరకరు. లెక్కల మీద నడిచే ముచ్చట అది, పోలీసులు లెక్కలను ఇరగ్గొడతరా?

లినక్స్_లక్ష్మి
జానీ బై, లెక్కలను ఎవ్వలు ఇరగ్గొట్టలె. నువ్వన్నది నిజమే, అందుకే వాళ్లు లెక్కల జోలికే పోరు. ఒక్కొక్కటి చెప్త, పెద్దగైతది, చాయ్ పెట్టుకొని చదువుండ్రి.

టార్ పుట్టిందే అమెరికా నేవీ రీసెర్చ్ ల్యాబ్‌ల. నీ ట్రాఫిక్ మూడు కంప్యూటర్ల మీదికెళ్లి పోతది, మొదటిదానికి నువ్వెవరో తెలుస్తది కాని ఎటు పోతున్నవో తెల్వది, చివరిదానికి ఎటు పోతున్నవో తెలుస్తది కాని నువ్వెవరో తెల్వది. మంచి ఏర్పాటే. కాని నువ్వు టార్ వాడుతున్నవన్న సంగతి మాత్రం నీ వైఫై ఇచ్చినోనికి కనపడతది. 2013 డిసెంబర్‌ల హార్వర్డ్‌ల ఒక పోరడు పరీక్ష తప్పిచ్చుకునుడుకు బాంబు ఉందని టార్‌ల నుంచి మెయిల్ కొట్టిండు. పోలీసులు టార్‌ను ముట్టుకోలె, ఆ టైంల క్యాంపస్ నెట్ మీద టార్ వాడినోళ్లెవరని లాగ్ తీసిండ్రు, పోయి అడిగిండ్రు, వాడే ఒప్పుకున్నడు. మన హాస్టల్ వైఫైలల్ల రూమ్ నంబర్ కొట్టి లాగిన్ అయితరు గద, ఆలోచించు.

సిల్క్ రోడ్ తీసుకో, 2011ల మొదలైంది, ఈ తీరు మార్కెట్లకు అదే పెద్దన్న. దాన్ని నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ మొదట్ల సైట్‌కు ప్రచారం చేసుడుకు ఒక ఫోరమ్‌ల ఆల్టాయిడ్ అనే పేరుతోని పోస్ట్ పెట్టిండు. కొన్ని నెలలకు అదే పేరు మీద పనోళ్లు కావాలని ఇంకో పోస్ట్, అండ్ల తన సొంత జీమెయిల్ ఇచ్చిండు, పేరుతో సహా. ల్యాప్‌టాప్‌కు గట్టి ఎన్‌క్రిప్షన్ ఉంది, మూస్తె ఇగ తెరుచుకోదు. 2013 అక్టోబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోల ఒక లైబ్రరీల కూసొని పని చేసుకుంటుంటె ఎనక ఒక ఆడామె మొగాయిన గట్టిగ కొట్లాట పెట్టుకున్నరు. ఏందా అని వీడు తిరిగి చూసిండు, గంతే, ముంగట ఉన్నోడు తెరిచున్న ల్యాప్‌టాప్ గుంజుకున్నడు. కొట్లాడినోళ్లు కూడ పోలీసులే. యావజ్జీవం పడ్డది, 2025 జనవరిల ట్రంప్ క్షమాభిక్ష పెడితె బయటికొచ్చిండు.

ఇగ అన్నిట్ల నాకు ఒళ్లు జలదరించేది హాన్సా ముచ్చట. 2017 జూన్‌ల డచ్ పోలీసులు ఆ మార్కెట్‌ను పట్టుకొని బంద్ పెట్టలె, దాదాపు నెల రోజులు వాళ్లే నడిపిండ్రు, గిరాకీలకు ఏం తెల్వది. సైట్‌లనే పీజీపీ చేసే బటన్ ఒకటి ఉండె, నీ అడ్రస్ రాసి అది ఒత్తితె తాళం పడి పోతది. పోలీసులు చేసిందేందంటె తాళం పడకముందే ఒక కాపీ తమ దగ్గర పెట్టుకునేటట్టు కోడ్ మార్చిండ్రు. ఫోటోలల్ల ఎక్కడ తీసిండ్రో చెప్పే డేటా ఉంటది, సైట్ దాన్ని తుడిచేసేది, వీళ్లు తుడుచుడు బంద్ పెట్టి, సర్వర్‌ల ఫోటోలు పోయినయ్ మళ్ల ఎక్కియ్యిండ్రి అని అమ్మేటోళ్లకు చెప్పిండ్రు, వాళ్లు ఎక్కిచ్చిండ్రు. ఈ నడుమ జులైల ఆల్ఫాబే అనే పెద్ద మార్కెట్‌ను అమెరికా వాళ్లు బంద్ పెడితె అక్కడి జనం మొత్తం ఉరికొచ్చి హాన్సాల పడ్డరు, అంటె సక్కగ పోలీసుల ఒళ్లె. పదివేల దాకా అడ్రస్‌లు దొరికినయ్. ఆల్ఫాబే ఓనర్ ఎట్ల దొరికిండో తెల్సా, కొత్త మెంబర్లకు పోయే వెల్‌కమ్ మెయిల్‌ల తన పాత హాట్‌మెయిల్ ఐడీ పెట్టి మర్చిపోయిండు.

పీజీపీకి ఇండ్ల ఏ మచ్చ పడలె, 1991ల ఫిల్ జిమ్మర్‌మన్ చేసినప్పటి నుంచి దాని లెక్క గట్టిదే. కని సరుకు రావాలంటె అడ్రస్ ఇయ్యాలె, సెల్లర్ దాన్ని తెరిచి చదువుకోవాలె. చదువుకున్నోడు దాన్ని ఏం చేస్తడో నీ చేతుల లేదు.

జగిత్యాల_జానీ
సరే హాన్సా నాకు తెల్వది. మోనెరో సంగతి చెప్పవైతివి.

లినక్స్_లక్ష్మి
మోనెరోల ఎవలు ఎవలికి ఎంత పంపిండ్రో బయటికి కనపడది, నిజమే. కొనుడు అమ్ముడు ఎక్కడ చేస్తవ్? బైనాన్స్ అనే పెద్ద క్రిప్టో ఎక్స్‌చేంజ్ 2024 ఫిబ్రవరిల దాన్ని తీసేసింది. నువ్వుండే దుబాయ్‌లనే 2023 ఫిబ్రవరిల వారా (అక్కడి క్రిప్టో మీద అజమాయిషీ చేసే సంస్థ) రూల్స్‌ల అసొంటి కాయిన్లు వద్దన్నరు, జర నువ్వే జాగ్రత్త 😀 బిట్‌కాయిన్ అయితె ప్రతి లెక్క ప్రపంచం మొత్తం చదివేటట్టు ఉంటది, పేరు బదులు నంబర్ గంతే, ఆ నంబర్ నీదని ఒక్కసారి తెలిస్తె ఎనకటి పదేండ్ల కథ మొత్తం బయటపడతది. సిల్క్ రోడ్ కేసు చూసిన ఇద్దరు అమెరికా ఏజెంట్లే అండ్లకెళ్లి బిట్‌కాయిన్లు నొక్కేసిండ్రు, ఆ లెక్క పట్టుకొనే వాళ్లను 2015ల జైలుకు పంపిండ్రు. 2012ల అదే సైట్ నుంచి ఒకడు దాదాపు 50,000 బిట్‌కాయిన్లు కొట్టేసిండు, తొమ్మిదేండ్లు ఎవ్వనికి దొరకలె. 2021 నవంబర్‌ల పోలీసులు ఇల్లు సోదా చేస్తె కొన్ని నేల కింద లాకర్ల, కొన్ని బాత్‌రూమ్ అల్మారల పాప్‌కార్న్ డబ్బ అడుగున దాచిన చిన్న కంప్యూటర్ బోర్డుల దొరికినయ్.

మిర్చియార్డు_మల్లన్న
పేలాల డబ్బల బిట్‌కాయిన్ 😂 మా అమ్మ పోపుల డబ్బల దాసేది, మాకు ఐదు నిమిషాలల్ల దొరికేది

వకీల్_సుబేదారి
చర్చ బాగుంది కానీ ఆ పెద్దమనిషి పైసల సంగతి చూద్దాం. @కాజీపేట_పోరడు, 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఎవరైనా మోసపోయినమని ఫోన్ చేస్తే ఆ డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కు పోయిందో వరుసగా పట్టుకుంట పోతరు. మూడో చేయి నాలుగో చేయి అయినా హోల్డ్ పడుతది. మీ తమ్ముని దగ్గర యూఎస్‌డీటీ కొన్నోడు తన పైసలు ఇయ్యలేదు, ఎక్కడో మోసపోయిన మనిషి పైసలు నేరుగా మీ బాపు అకౌంట్‌కు మళ్లించిండు. ఇట్లాంటి కేసులు ఈ మధ్య నా దగ్గరకు మస్తు వస్తున్నయ్, దాదాపు అందరు పిల్లలే, అకౌంట్లు మాత్రం తల్లిదండ్రులవి.

బ్యాంకుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇయ్యుండ్రి: అకౌంట్ మొత్తం ఫ్రీజా లేక 18,500 వరకే లీనా (అంటే గంత మొత్తమే ఆపుడు), ఏ రాష్ట్రం ఏ స్టేషన్, కంప్లైంట్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ ఎంత. నోటితోని అడిగితే రేపు రా అంటరు, కాగితం ఇచ్చి దాని కాపీ మీద ముద్ర వేయించుకోవాలె. పత్తి పైసలని చూపెట్టే రసీదులు, పట్టా పాస్‌బుక్ జతచేయుండ్రి. ఆ స్టేషన్‌కు మెయిల్ పెట్టి, వివాదం ఉన్నంత వరకే ఆపి మిగతాది వదలమని అడగాలె. పోలీసులు దీన్ని పాత సీఆర్‌పీసీ 102, అంటే 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 106 కింద చేస్తరు, వినకపోతే మేజిస్ట్రేట్ దగ్గర 503 కింద పిటిషన్ వేయొచ్చు. టెలిగ్రామ్ చాట్ ఒక్క ముక్క కూడా డిలీట్ చేయొద్దు, మీ బాపు నిర్దోషి అని చెప్పేది అదే.

ఇంకోటి. ఓటీటీ అకౌంట్ల కోసం ఇరవై వేలు ఎవడు వేస్తడు? వాడు అబద్ధం చెప్తున్నడు. ఏం కొనబోయిండో ఇక్కడ రాయకుండ్రి, ఇంట్ల మాత్రం తెలుసుకోండి.

క్రిప్టో_రికవరీ_ఎక్స్‌పర్ట్
సోదరా నా పైసలు కూడా ఇలాగే పోయాయి, ఒక హ్యాకర్ గారు 24 గంటల్లో తిరిగి ఇప్పించారు. కొద్దిపాటి ఫీజు మాత్రమే. నా ప్రొఫైల్‌లో టెలిగ్రామ్ ఉంది.

అడ్మిన్_ఓరుగల్లు
పైనోన్ని బ్యాన్ చేసిన, లింక్ తీసేసిన, పోస్ట్ మాత్రం అందరు చూడాలని ఉంచిన. థ్రెడ్ మొదలై నాలుగు గంటలు కాలె, అప్పుడే పీనుగు కాడికి గద్దలొచ్చినట్టు వచ్చిండు. @కాజీపేట_పోరడు నీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టినోళ్లు ఇంకెవలన్న ఉంటె చెప్పు.

కాజీపేట_పోరడు
ముగ్గురు పెట్టిండ్రు అన్నా. ఒకడైతె తెలంగాణ పోలీస్ అని డీపీల లోగో పెట్టుకున్నడు.

నైంనగర్_నిశాచరుడు
నాకు ఒక్కటి నచ్చుతలేదు. ఈ థ్రెడ్ చదివినోడు టార్ అంటెనే గంజాయి, ఎన్‌క్రిప్షన్ అంటెనే దొంగ అనుకుంటడు. నేను ఒకప్పుడు లోకల్ పేపర్ల పని చేసిన, ఇసుక లారీల మీద రాసినప్పుడు నాకు కాగితాలు పంపినోని పేరు బయటపడితె వాని ఇల్లు ఉండకపోవు. టార్ వాడుడు మన దేశంల నేరం కాదు. బీబీసీకి ఆనియన్ సైట్ ఉంది, ఫేస్‌బుక్‌కు 2014 నుంచే ఉంది. 2022ల సెర్ట్‌-ఇన్ (కేంద్ర సర్కారు సైబర్ భద్రత సంస్థ) వీపీఎన్ కంపెనీలు యూజర్ల వివరాలు ఐదేండ్లు దాచాలె అన్నప్పుడు కొన్ని కంపెనీలు సర్వర్లే ఎత్తుకొని పోయినయ్, అప్పుడు ఎవ్వలు మాట్లాడలె. తాళం అమ్మినోన్ని పట్టుకొని దొంగ అంటె ఎట్ల?

లినక్స్_లక్ష్మి
నేను అనలె అన్నా, నా ఫోన్ల కూడ టార్ ఉంది. నేనేమంటున్ననంటె ఒక పేరు దాచుకొని కాగితాలు పంపుడు వేరు, ఎవడో తెల్వనోని చేతుల పైసలు, ఇంటి అడ్రస్ రెండు పెట్టి నేను ఎవ్వలికి కనపడత లేను అనుకునుడు వేరు. 2024 మార్చిల ఇన్‌కాగ్నిటో అనే మార్కెట్ ఓనర్ ఎగ్జిట్ స్కామ్ చేసుడే కాక, మీ చాటింగులు, ఆర్డర్లు అన్ని నా దగ్గర భద్రంగ ఉన్నయ్, డిలీట్ అయినయనుకున్నరా, 100 నుంచి 20,000 డాలర్ల దాకా కట్టకపోతె బయట పెడత అని అందరిని బెదిరిచ్చిండు. మే నెలల న్యూయార్క్ ఎయిర్‌పోర్ట్‌ల దొరికిండు. వాడు దొరికినంక ఆ చాటింగులు ఎవల చేతికి పోయి ఉంటయో మరి.

జగిత్యాల_జానీ
సరేనక్కా ఒప్పుకుంట. మాకాడ హుండీల (హవాలా) పైసలు పంపే సేటు కూడ మంచోడే, కని వాని నోట్‌బుక్కుల నా పేరు, మా ఊరు, మా ఆమె ఫోన్ నంబర్ అన్ని ఉంటయ్. ఇన్నేండ్లల్ల దాని గురించి ఎన్నడు సోచాయించలె.

కాజీపేట_పోరడు
అప్‌డేట్. వకీల్ సాబ్ చెప్పినట్టు రాతపూర్వకంగ ఇచ్చినం, మొదటి రోజు తీసుకోలె, రెండో రోజు బాపును తోల్కొని పోయి కూసున్నం, అప్పుడు ముద్ర వేసిండ్రు. హోల్డ్ మొత్తం అకౌంట్ మీద ఉంది. స్టేషన్ పేరు, నంబర్ ఇచ్చిండ్రు, మెయిల్ పెట్టిన.

తమ్ముని సంగతి.. రాయొద్దన్నరు కాబట్టి రాస్తలేను, ఓటీటీ మాత్రం కాదు. డెలివరీ అడ్రస్ ఏమిచ్చినవ్‌రా అంటె మొఖం కిందికి ఏసిండు. నా దుకాణం అడ్రస్ ఇచ్చిండు. కాజీపేట చౌరస్తల నా మొబైల్ రిపేర్ షాపు, నా పేరు, నా నంబర్. కొరియర్‌లు రోజు వస్తయ్ కాబట్టి ఎవ్వరికి అనుమానం రాదని ఆలోచించిండంట. రెండు రోజుల నుంచి కొరియర్ పిలగాడు బండి ఆపితె నా గుండె జారుతాంది. నిన్న ఒక డబ్బ వస్తె ముట్టుకోకుంట పది నిమిషాలు చూసిన, తీరా చూస్తె నేనే పెట్టిన డిస్‌ప్లేలు.

వకీల్_సుబేదారి
దుకాణం అడ్రస్ అని చదివినంక నేనే కుర్చీల నుంచి లేచిన. రాయకపోవుడు మంచిది. చదివేటోళ్లందరి కోసం ఒక్క మాట చెప్త: ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంల ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందుకు 0.1 గ్రాము అంటేనే కమర్షియల్ క్వాంటిటీ, పదేండ్ల నుంచి ఇరవై ఏండ్లు, బెయిల్ కూడా అంత సులువుగా రాదు. ఉప్పు చిటికెడు కూడా కాదది. తెప్పించుకునే ప్రయత్నానికి కూడా సెక్షన్ ఉంది. తెల్వని పార్సిల్ వస్తే తెరవకుండా నాకు ఫోన్ చేయి, నంబర్ మెసేజ్ పెట్టిన. తమ్మున్ని కొట్టకు, రేపు ఆఫీసుకు తీసుకరా, మీ బాపును వద్దు.

లినక్స్_లక్ష్మి
అసలు సరుకే లేదు కాబట్టి రాదనుకుంట తమ్మీ, దొంగ సైటే అయి ఉంటది. మీ తమ్ముడు ఆ మిగిలిన వాలెట్ ఇంక వాడుతున్నడా? 12 పదాల సీడ్, అంటె వాలెట్ తాళంచెవి, ఎక్కడ రాసిపెట్టిండు? ఫోన్ల ఫోటో తీసుకొని ఉంటె ఆ వాలెట్ అయిపోయినట్టే అనుకోండ్రి.

కాజీపేట_పోరడు
అక్కా ఆ 12 పదాలు మా ఇంట్ల గోడ క్యాలెండర్ ఎనక రాసిండంట, ఫోన్ల ఉంటె హ్యాక్ అయితదని తెలివి. దసరా ముందు ఇల్లు సున్నం వేసినప్పుడు అమ్మ ఆ క్యాలెండర్ తీసేసింది. ఎక్కడ పెట్టిందో యాదికి లేదంటది.

మంచిర్యాల77
సైలెంట్‌గ చదువుతున్న మొత్తం. ఒక డౌట్, ఎక్స్‌చేంజ్‌ల కేవైసీ ఇచ్చి కొంటె ఈ హోల్డ్ బాధ ఉండదా?

వకీల్_సుబేదారి
తక్కువ ఉంటది. 2023 మార్చి నుంచి మన దగ్గర ఎక్స్‌చేంజ్‌లు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చినయ్, ఎఫ్‌ఐయూల (అనుమానపు లావాదేవీలు చూసే కేంద్ర సంస్థ) రిజిస్టర్ కావాలె. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మితే 1 శాతం టీడీఎస్. ఆ 1 శాతం తప్పించుకునేందుకే మన పిల్లలు టెలిగ్రామ్‌ల అమ్ముతరు, రెండు రూపాయలు ఎక్కువ రేటు అంటడు వాడు. ఆ రెండు రూపాయలు ఎందుకిస్తున్నడో అడగరు.

మిర్చియార్డు_మల్లన్న
యార్డుల కూడ గంతే సార్, బయటి కాంటా కాడ రేటు ఎక్కువ చెప్పిండంటె తూకంల కొడతాండని లెక్క

కాజీపేట_పోరడు
పదకొండు రోజులకు అప్‌డేట్. వకీల్ సాబ్ పేపర్లు పంపినంక వాళ్లు మొత్తం ఫ్రీజ్ తీసి 18,500 మీదనే లీన్ ఉంచిండ్రు. బాపు పత్తి పైసలు తీసుకున్నడు, ఎరువుల దుకాణం బాకీ కట్టిండు, తమ్మునితోని ఇంకా మాట్లాడుతలేడు. వాని సిమ్ము, యూపీఐ అన్ని మార్పిచ్చినం. పార్సిల్ ఏం రాలె.

క్యాలెండర్ దొరికింది. అమ్మ బియ్యం డ్రమ్ము కింద చెమ్మ పట్టకుంట పరిచింది. రెండు పదాలు చెరిగిపోయినయ్ కాని వాడు ఎట్లనో గుర్తు తెచ్చుకొని వాలెట్ తెరిచిండు, ఇల్లంత చుట్టు నిలబడ్డం. 4 డాలర్ల యూఎస్‌డీటీ ఉంది. దాన్ని పంపుదామంటె ఫీజుకు ట్రాన్ కాయిన్ కావాలంట, అది వాలెట్‌ల లేదు. గది కొనాలంటె మళ్ల పైసలు పెట్టాలె. అమ్మ ఏం అర్థంగాక అందరి మొఖాలు చూసి, క్యాలెండర్ మళ్ల డ్రమ్ము కిందికి తోసింది.